సంధికార్యం

ముప్పై మూడేళ్ళ పాటు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితుడిగా పనిచేసి 2016లో పదవీ విరమణ చేసినవాడిని. ఇన్నేళ్ళ బోధనలో పిల్లల చేత అత్యధికంగా పలికించిన మాట ఏదని అడిగితే, తడుముకోకుండా ‘సంధి’ అని చెప్పగలను. నల్లబల్ల మీద ‘రాముడు + అతడు’ అని రాసి, సుద్దముక్కతో ఆ కూడిక గుర్తు చుట్టూ సున్నా చుట్టి, ముందరి పదం చివరనున్న ఉకారం తప్పుకొని తరువాతి అచ్చుకు చోటిస్తుందని, అదే ఉత్వసంధి అని ఎన్ని వందల సార్లు చెప్పి ఉంటానో లెక్క లేదు. తప్పుకున్న ఆ అచ్చు ఏమైపోయిందని ఏ విద్యార్థీ నన్ను అడగలేదు. నేనూ ఆలోచించలేదు.

ఈ మాటకు అర్థాలు అనేకం. వ్యాకరణంలో వర్ణాల కలయిక సంధి. రాజనీతిలో శత్రువుతో ఒడంబడిక సంధి. తీవ్రజ్వరంలో ఒళ్ళు తెలియక పలవరిస్తే మన ఊళ్ళలో ‘సంధి పుట్టింది’ అంటారు. వైద్యంలో రెండు ఎముకలు కలిసే చోటు, అనగా కీలు, సంధి. మొదటి అర్థాన్ని నమ్ముకొని జీతం తీసుకున్నాను. మిగిలిన వాటిని నిఘంటువులో చూసి పుట తిప్పేశాను. ఆ చివరి అర్థం నా అరవయ్యారో ఏట కుడి మోకాలి రూపంలో వచ్చి పాఠం చెప్పింది. ఆ పాఠంలో మోకాలికి సంబంధించని భాగం కూడా కొంత ఉన్నది. ఇన్నాళ్ళూ రాయడానికి సంకోచించినది ఆ భాగాన్ని గురించే.

2022లో మా నాన్నగారి ఆబ్దికం. పీట మీద మఠం వేసుకొని సుమారు గంటన్నర కూర్చున్నాను. మంత్రాలు, తర్పణాలు, పిండప్రదానం అన్నీ యథావిధిగా జరిగాయి. చివర లేవబోతే కుడి మోకాలు నా మాట వినలేదు. చేతులు నేలకు ఆనించి ప్రయత్నించాను. రెండోసారి ప్రయత్నించాను. భోక్తల ఎదుట, పట్టుపంచె కట్టుకొని, నాలుగు కాళ్ళ జంతువు వలె నేల మీద నిలిచిపోయాను. తమ్ముడు ఒకవైపు, వాడి కొడుకు మరొకవైపు చంకల్లో చేతులు వేసి లేవదీశారు. ‘వయసండీ, అందరికీ ఉన్నదే’ అని పురోహితులు ఓదార్చారు. ఆ ఓదార్పు నాకు నొప్పి కంటె ఎక్కువ బాధ కలిగించింది.

అటుపిమ్మట ఏడెనిమిది నెలలు నేను చేయని వైద్యం లేదు. మహానారాయణ తైలంతో మర్దన చేయించుకున్నాను. వావిలాకు వేసి కాచిన నీళ్ళతో కాపడం పెట్టించుకున్నాను. టీవీలో ఒక ముసలాయన గంతులు వేస్తూ చూపించిన పొడిని తెప్పించి మూడు డబ్బాలు ఖాళీ చేశాను. దగ్గరి ఊళ్ళో ఒకాయన నడుముకు ఒక సూది పొడిస్తే నాలుగు రోజులు పరుగెత్తాను, అయిదో రోజు మళ్ళీ మంచం పట్టాను. మందుల దుకాణంలో అడిగి కొన్న నొప్పి మాత్రలు అలవాటై కడుపులో మంట మొదలయ్యింది. అటువంటి మాత్రలు నెలల తరబడి వాడితే జీర్ణాశయంలో పుండ్లు పడతాయని, మూత్రపిండాలకు హాని కలుగుతుందని, రక్తపోటు ఉన్నవారికి మరింత ప్రమాదమని తరువాత తెలిసింది. నాకు రక్తపోటు ఉన్నది.

ఇంట్లో కూడా మార్పులు జరిగాయి. గొంతుక్కూర్చోలేకపోతున్నానని పదిహేను రోజుల్లో మేస్త్రీని పిలిపించి మరుగుదొడ్డిలో కమోడు పెట్టించాను. నా కుర్చీకి మెత్తలు వచ్చాయి. అబ్బాయి హైదరాబాదు నుంచి మోకాలికి తొడుగు పంపించాడు. అమ్మాయి రోజూ ఫోను చేసి ‘నాన్నా, కాలెలా ఉంది?’ అని అడిగేది. ఇల్లంతా నా మోకాలి చుట్టూ తిరిగింది.

ఇక ఇక్కడ మా ఇంటావిడ సంగతి చెప్పాలి.

ఆమెకు మోకాళ్ళ నొప్పులు 2011లో మొదలయ్యాయి. ఆ సంవత్సరం అమ్మాయి పెళ్ళి చేశాము కనుక నాకు గుర్తున్నది. ‘మోకాళ్ళు పట్టేస్తున్నాయండీ’ అని మొదట అన్నప్పుడు, పెళ్ళి పనుల అలసట అన్నాను. మరుసటి ఏడు అన్నప్పుడు, బరువు తగ్గమన్నాను. ఆ తరువాత అన్నప్పుడు, వయసు అన్నాను. ఆమెకప్పుడు యాభై రెండేళ్ళు. తెల్లవారుజామున వాకిలి ఊడ్చి వంగి ముగ్గు పెట్టడం, బట్టలుతికే బండ దగ్గర గొంతుక్కూర్చోవడం, కత్తిపీట ముందు ఒక మోకాలు ముడిచి కూరలు తరగడం, పండుగ వస్తే రుబ్బురోలు ముందు చతికిలబడడం. ఇవన్నీ మా అమ్మ చేసింది, ఆమె చేసింది. నేను గడప మీద కూర్చుని పేపరు చదువుతూ చూశాను. 2014లో ఒకనాడు, ‘మరుగుదొడ్డిలో కుర్చీలాంటిది పెట్టిస్తారట కదా, మనమూ పెట్టించుకుందామా?’ అని అడిగింది. ‘ఇప్పటి నుంచే ఎందుకు, ముసలివాళ్ళమా?’ అన్నాను. మళ్ళీ అడగలేదు.

నా పదవీ విరమణ సభ ఫోటో ఒకటి మా ముందుగదిలో గోడకు వేలాడుతున్నది. వేదిక మీద నేను శాలువా కప్పుకొని కూర్చున్నాను. నా మెడలో గజమాల. నా పక్కన ఒక ఖాళీ కుర్చీ. ఆ రోజు మైకులో రెండుసార్లు పిలిచినా ఆమె వేదిక మీదికి రాలేదు. ఇటుకలు పేర్చి తాత్కాలికంగా కట్టిన మెట్లు నాలుగు ఉన్నాయి, పట్టుకోవడానికి ఏమీ లేదు. ‘మెట్లెక్కలేనండీ’ అని ఎవరి చేతనో కబురు పంపింది. నలుగురిలోకి రావడానికి బిడియమని, మొండితనమని అనుకున్నాను. తోటి ఉపాధ్యాయుల భార్యలు అందరూ ఇటువంటి సభల్లో పక్కన కూర్చున్నారే, ఈమె నన్ను చిన్నబుచ్చిందే అని కోపం వచ్చింది. ఇంటికి వచ్చేదాకా ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు. ముప్పై మూడేళ్ళ ఉద్యోగానికి అది నేను ఆమెకు ఇచ్చిన కానుక.

2023 మొదట్లో, కడుపు మంట భరించలేక, నిజమైన ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను నిలబెట్టి ఎక్స్‌రే తీయించాడు. పడుకోబెట్టి తీస్తే కీలులోని సందు ఉన్నదాని కంటె ఎక్కువగా కనిపించే అవకాశం ఉందట. బరువు మోస్తున్నప్పుడే దాని అసలు పరిస్థితి బయటపడుతుందట. కీళ్ళ అరుగుదలను ఎక్స్‌రేలో సున్నా నుంచి నాలుగు దాకా లెక్కించే పద్ధతిని 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు ప్రకటించారు. ఆ లెక్కలో నాది రెండు. శస్త్రచికిత్స అవసరం లేదు, పై పూతకు ఒక మందు రాస్తాను, బరువు తగ్గండి, ఫిజియోథెరపీ చేయించుకోండి అన్నాడు. ఇంత బాధకు రెండేనా అని నాకు కొంత అవమానంగా తోచింది. మార్కులు తక్కువ వేశారని పిల్లలు నా వంక చూసే చూపు ఆనాడు నేను ఆయన వంక చూసి ఉంటాను.

ఫిజియోథెరపీ కేంద్రం బస్టాండు వెనక సందులో ఉంది. పాతికేళ్ళు దాటని అమ్మాయి. ‘రండి మాస్టారూ’ అని కూర్చోబెట్టింది. మా ఆవిడ నాతో తోడుగా వచ్చి బల్ల మీద కూర్చున్నది. ఆ అమ్మాయి నా కాలు వంచి, చాపి, తొడ చుట్టుకొలత టేపుతో కొలిచి, ఒక కాగితం మీద రాసుకుంటున్నది. ఇంతలో మా ఆవిడ మంచినీళ్ళ కోసం లేచింది. రెండు అరచేతులూ తొడల మీద ఆనించి, ముందుకు వంగి, ఒక్క క్షణం ఆగి, పక్కకు ఊగుతూ లేచి నాలుగడుగులు వేసింది. ఆమె అట్లా లేవడం నేను పదేళ్ళుగా చూస్తున్నాను. అది ఆమె లేచే తీరు అనుకున్నాను. ఆ అమ్మాయి రాయడం ఆపి చూసింది.

‘అమ్మా, మీకు ఎన్నాళ్ళ నుంచి?’

‘పన్నెండేళ్ళయిందమ్మా.’

‘ఎక్కడా చూపించుకోలేదా? మాస్టారికి చెప్పలేదా?’

‘చెప్పానమ్మా’ అన్నది.

అంతకు మించి ఒక్క మాట అనలేదు. నా వంక చూడనూ లేదు. మంచినీళ్ళు తాగి గ్లాసు బోర్లించి వచ్చి కూర్చున్నది. వారం రోజుల తరువాత ఆమెకు తీయించిన ఎక్స్‌రేలో రెండు మోకాళ్ళూ మూడో దశ. లోపలివైపు సందు బాగా మూసుకుపోయింది. అంచుల్లో ఎముక ముళ్ళలా పెరిగింది.

ఎక్స్‌రేకూ నొప్పికీ ఖచ్చితమైన పొత్తు లేదని ఆ అమ్మాయి చెప్పింది. అరుగుదల తక్కువగా ఉన్నా నొప్పి తీవ్రంగా ఉండవచ్చు. ఎక్కువగా ఉన్నా ఓర్చుకోగలవారు ఉండవచ్చు. నన్ను ఊరడించడానికే చెప్పి ఉంటుంది. కానీ మా ఆవిడకు నొప్పి తక్కువ కాదు. చెప్పడం మానేసింది, అంతే.

ఇప్పుడు ఆ అమ్మాయి మా ఇద్దరికీ కలిపి చెప్పిన పాఠాన్ని నాకు అర్థమైన మేరకు చెబుతాను. మోకాలిలో రెండు ఎముకల కొసల మీద నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది. దానికి రక్తనాళాలు లేవు, నరాలు లేవు. ఒంట్లో మిగిలిన అవయవాలకు రక్తం తిండి మోసుకువస్తుంది. దీనికి ఆ భాగ్యం లేదు. కీలులో ఉన్న జిగట ద్రవమే దానికి ఆహారం. నడిచినప్పుడు బరువు పడి స్పాంజి నొక్కినట్లు పాత ద్రవం బయటికి పోతుంది, బరువు తీసినప్పుడు కొత్త ద్రవం లోపలికి వస్తుంది. కాబట్టి కదలిక లేకపోతే ఆ పొరకు తిండి ఉండదు. నొప్పి అని కదపకుండా కూర్చోవడం అంటే ఆకలితో ఉన్నవాడికి అన్నం మాన్పించడమే. కీళ్ళలో శ్లేషక కఫం ఉంటుందని, అది కీళ్ళకు జిగినిచ్చి కాపాడుతుందని మన ఆయుర్వేదంలో చెప్పిన మాట నాకు తెలుసు. పరీక్షకు చదివినంత వరకే తెలుసు.

రెండో విషయం కండరాలది. తొడ ముందరి భాగంలో నాలుగు తలలు ఉన్న పెద్ద కండరం ఉన్నది. మోకాలిని చాపేది, మెట్టు దిగేటప్పుడు ఒంటి బరువును పట్టి ఆపేది అదే. నొప్పి వల్ల కాలిని వాడకపోతే ఆ కండరం చిక్కిపోతుంది. అది చిక్కిపోతే దాని బరువు కూడా కీలు మీద పడి నొప్పి పెరుగుతుంది. నొప్పి పెరిగితే ఇంకా కదపము. నా కుడి తొడ ఎడమ తొడ కంటె రెండు సెంటీమీటర్లు సన్నగా ఉన్నదని టేపు చెప్పింది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. అరిగిన పొరను ఏ వ్యాయామమూ తిరిగి మొలిపించలేదు. చుట్టూ ఉన్న కండరాన్ని మాత్రం ఏ వయసులోనైనా బలపరచవచ్చు.

ఆమె మాకు ఇచ్చిన అభ్యాసాలు చూడడానికి చాలా చిన్నవి. వెల్లకిలా పడుకొని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దానిని కిందికి నొక్కి అయిదు లెక్కపెట్టేదాకా పట్టి ఉంచి వదలడం, పది సార్లు. ఒక మోకాలు ముడుచుకొని, రెండో కాలు నిటారుగా చాపి, అడుగు ఎత్తు లేపి అయిదు లెక్కపెట్టి నెమ్మదిగా దించడం, పది సార్లు. పక్కకు తిరిగి పడుకొని పై కాలిని ఎత్తడం. కుర్చీలో కూర్చొని కాలు ముందుకు చాపి నిలపడం. చేతులు ఊనకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయడం. ఇదంతా చేసి ఇరవై నిమిషాలు. ‘ఇంతేనా? కరెంటు పెట్టవా?’ అని అడిగాను. అక్కడికి వచ్చే ముసలివాళ్ళందరికీ ఆ యంత్రం మీదే మోజు. ‘పెడతాను మాస్టారూ, హాయిగా ఉంటుంది. కానీ కాలు గట్టిపడేది మాత్రం మీరు చేసేదాని వల్లే’ అన్నది.

ఇద్దరికీ చెరొక నోటుపుస్తకం ఇచ్చింది. రోజూ చేసినదానికి టిక్కు పెట్టాలి. తొలిరోజే పరీక్ష పెట్టింది. అరనిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి నిలబడగలరన్నది లెక్క. నేను ఎనిమిది. మా ఆవిడ చేతులు ఊనకుండా ఒక్కసారి కూడా లేవలేకపోయింది. ఊని అయిదు సార్లు లేచింది.

ఇక నా ఘనకార్యం వినండి. మూడు రోజులు శ్రద్ధగా చేశాను. నాలుగోనాడు చుట్టాలు వచ్చారు. అయిదోనాడు వాన పడి బద్ధకించాను. ఆరోనాడు పుస్తకం తెరిస్తే రెండు గళ్ళు ఖాళీగా కనిపించాయి. పండితుడి పుస్తకంలో ఖాళీ గళ్ళా అని రెండింటిలోనూ టిక్కులు పెట్టేశాను. ఒకసారి అలవాటైన చెయ్యి ఆగుతుందా? పదిహేను రోజులకు వెళ్ళేసరికి నా పుస్తకం నిండా టిక్కులే. మా ఆవిడ పుస్తకంలో ఒక ఆదివారం ఖాళీ. అరనిమిషం పరీక్ష మళ్ళీ పెట్టింది ఆ అమ్మాయి. నేను మళ్ళీ ఎనిమిదే. మా ఆవిడ చేతులు ఊనకుండానే నాలుగుసార్లు లేచింది. ఆ అమ్మాయి నా పుస్తకం వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి మెల్లగా నవ్వి, ‘కాపీ కొట్టారా మాస్టారూ?’ అన్నది.

హోంవర్కు చేయకుండా చేశానన్న పిల్లలను ముప్పై మూడేళ్ళు గోడకుర్చీ వేయించినవాడిని. ఆ గోడకుర్చీ కూడా తొడ కండరానికి వ్యాయామమేనని ఇప్పుడు తెలిసింది. ఎంత మంది పిల్లల తొడలను బలపరిచానో!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అబద్ధపు టిక్కులకు సిగ్గు ఒక వంతయితే, మా ఆవిడ పుస్తకం మూడు వంతులు. ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూ, మూడో దశ మోకాళ్ళతో, ఆమె ప్రతిరోజూ చేసింది. పన్నెండేళ్ళ కిందట ఎవరైనా ఆ ఇరవై నిమిషాలు చేయమని చెప్పి ఉంటే అప్పుడూ చేసేది. చెప్పవలసినవాడిని నేను. డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళడానికి అప్పట్లో ఎంత ఖర్చవుతుంది? ఒక పూట సెలవు పెట్టడం తప్ప నాకు పోయేదేమిటి? ఆమెది ఓర్పు అని నలుగురిలో పొగిడాను కూడా. ఓర్పు అని మెచ్చుకుంటే ఇక వైద్యం చేయించనవసరం లేదు గదా.

మర్నాడు ఉదయం ఆమెతో ఆ మాట చెప్పాను. ‘తప్పు చేశానే’ అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట ఆమెతో అనడం బహుశా అదే మొదలు. ఆమె తువ్వాలు చుడుతున్నది. కొంచెంసేపు ఏమీ అనలేదు. ‘సరే, ముందు కాలు ఎత్తండి. లెక్క నేను పెడతాను’ అన్నది. క్షమించిందో లేదో నేను అడగలేదు.

నాటి నుంచి ఇద్దరమూ కలిసే చేస్తున్నాము. లెక్క పైకే పెట్టాలి. మనసులో పెడితే తెలియకుండానే ఊపిరి బిగబడతాము, రక్తపోటు ఉన్నవారికి అది మంచిది కాదు. అంకెలు విసుగని పద్యాలు పెట్టుకున్నాము. తాపీగా చదివితే ఆటవెలదిలో ఒక పాదానికి ఇంచుమించు అయిదు లెక్కలు పడతాయి. పాదానికి ఒక పట్టు, నాలుగు పట్లకు ఒక వేమన పద్యం. మొదట నేను చదివేవాడిని. ఒకనాడు నేను రెండో పాదం దగ్గర తడబడితే ఆమె అందుకున్నది. ఏడో తరగతితో చదువు మానిపించిన మనిషి. ‘నీకెట్లా వచ్చు?’ అని అడిగితే, ‘వసారాలో పిల్లలకు చెప్పేవారుగా, వంటింట్లోకి వినపడేది’ అన్నది. ఆ తరువాత తెలిసింది, ఆమెకు వందకు పైగా వచ్చునని.

ఇల్లు కూడా మారింది. కత్తిపీట అటకెక్కింది, కూరలు బల్ల దగ్గర కుర్చీలో కూర్చొని తరుగుతాము. ‘తరుగుతాము’ అన్నది గౌరవ బహువచనం కాదు సుమా, వంకాయలు నా వంతు. ముగ్గు పండుగనాళ్ళకే. మరుగుదొడ్డి గోడకు పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగించాము. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. చేతికర్ర నొప్పి ఉన్న వైపు కాక రెండో చేత పట్టుకోవాలి. రాత్రిళ్ళు సుఖంగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకొని పడుకునే అలవాటును ఆ అమ్మాయి మాన్పించింది. అట్లా వంగి ఉంటే కాలు పూర్తిగా చాపలేని స్థితి వస్తుందట. వాపు లేనప్పుడు పావుగంట కాపడం, వేడిగా వాచినప్పుడు గుడ్డలో చుట్టిన మంచు. వ్యాయామం చేశాక కొద్దిగా నొప్పి ఉంటే భయం లేదు, మర్నాటికి కూడా తగ్గకపోతే ఆ రోజు లెక్క తగ్గించాలి.

బరువు మాట. 2005లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, మోకాళ్ళ అరుగుదల ఉన్నవారు ఒక కిలో తగ్గితే నడకలో ప్రతి అడుగుకూ మోకాలి మీద పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుందని తేలింది. నేను ఎనభై రెండు కిలోల నుంచి డెబ్భై ఏడుకు వచ్చాను. అయిదు కిలోలకు ఇరవై కిలోలు. ఇంత లాభం వచ్చే వడ్డీ వ్యాపారం మరొకటి లేదు. రాత్రి అన్నం మాని రెండు పుల్కాలకు వచ్చాను, పెరుగులో మీగడ వదిలాను. మీగడ వదలడం వ్యాయామం కంటె కష్టమైంది.

ఫలితం వెంటనే రాలేదు. ఆరేడు వారాల దాకా నాకు ఏమీ తెలియలేదు. మూడు నెలలకు నేను పదకొండు సార్లు లేచాను, మా ఆవిడ తొమ్మిది. నొప్పి పోయిందా అంటే పోలేదు. చలికాలం ఉదయాన మంచం దిగితే మొదటి పది అడుగులు ఇద్దరమూ గోడ పట్టుకునే వేస్తాము. నేను ఇప్పటికీ నేల మీద కూర్చోను. నాన్నగారి ఆబ్దికం కుర్చీలో కూర్చొని పెడుతున్నాను, పురోహితులు అభ్యంతరం చెప్పలేదు. మా ఆవిడకు ముందు ముందు మోకాలి మార్పిడి అవసరం కావచ్చునని డాక్టరు చెప్పాడు. అప్పటికి కండరాలు బలంగా ఉంటే ఆపరేషన్ తరువాత కోలుకోవడం తేలికట. నొప్పి మాత్రలు మాత్రం మా ఇంట్లో నెలకు ఒకటి రెండుకు మించి చెల్లడం లేదు.

ఇదంతా అరుగుదల వల్ల వచ్చే నొప్పి సంగతి. కీళ్ళ నొప్పులన్నీ ఒకటి కావు. ఉదయం లేచాక గంటకు పైగా బిగుసుకుపోవడం, చేతివేళ్ళ చిన్న కీళ్ళు రెండు వైపులా వాచడం, దానికి తోడు నీరసం, జ్వరం ఉంటే అది వేరే జాతి వ్యాధి కావచ్చు. మాధవ నిదానంలో వర్ణించిన ఆమవాతాన్ని పెద్దలు దానితో పోలుస్తారు. దానికి మందులు తప్పనిసరి, ఎంత త్వరగా మొదలుపెడితే కీళ్ళకు అంత రక్షణ. ఉన్నట్టుండి కాలి బొటనవేలు ఎర్రగా వాచి మండితే అది మరొకటి. కనుక నా మాట విని తువ్వాలు చుట్టేముందు ఏ నొప్పో డాక్టరు చేత చెప్పించుకోండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019 నాటికి కీళ్ళ అరుగుదలతో బాధపడుతున్నవారు సుమారు 52 కోట్ల 80 లక్షల మంది. వారిలో నూటికి అరవై మంది స్త్రీలు. ఈ అంకె చదివినప్పుడు, ఎంత మంది ఇళ్ళల్లో ఎంత మంది ‘చెప్పానమ్మా’ అని ఊరుకున్నారో అనిపించింది. చదువుతున్న మగవారు ఒక్క పని చేయండి. మీ ఇంట్లో ఆవిడ కుర్చీలోంచి ఎట్లా లేస్తున్నదో ఈ పూట ఒకసారి చూడండి. అమ్మ ఉంటే అమ్మను కూడా చూడండి. అడిగితే ఏమీ లేదనవచ్చు. లేవడం చూస్తే తెలుస్తుంది.

ఆ ఫోటో ఇంకా గోడకే ఉన్నది. తీసేద్దామన్నాను. ‘ఎందుకూ, దండ బాగా పడింది కదా’ అన్నది. ఆమె మనసులో ఏముందో నాకు తెలియదు. రోజూ ఉదయం వ్యాయామం చేసే మంచం ఆ గోడకు ఎదురుగానే ఉన్నది కనుక, కాలు ఎత్తినప్పుడల్లా ఆ ఖాళీ కుర్చీ కనిపిస్తుంది.

సంధులలో కొన్ని నిత్యం, కొన్ని వైకల్పికం అని వసారాలో పిల్లలకు చెప్పినది కూడా ఆమె వంటింట్లోంచి విన్నది. ఉత్వసంధి నిత్యం, జరిగి తీరాలి. ఇత్వసంధి వైకల్పికం, జరిగితే జరుగుతుంది, లేకుంటే లేదు. చలి ఎక్కువగా ఉన్ననాడు దుప్పటి తీయడానికి నేను తాత్సారం చేస్తే, అప్పటికే తువ్వాళ్ళు రెండూ చుట్టి పెట్టుకొని పిలుస్తుంది.

‘ఏవండీ, ఇవాళ నిత్యమా, వైకల్పికమా?’

లేస్తాను.